చిటికెడు ఆకుపొడి

మొదటి గ్లాసు అమృత చెవి పక్కనుంచి పోయి గోడకు తగిలింది. స్టీలు గ్లాసు కాబట్టి పగల్లేదు. అంచు సొట్టబడి, దొర్లుకుంటూ వచ్చి ఆమె కాలి దగ్గరే ఆగింది. సున్నం గోడ మీద చాయ్ పాయలుపాయలుగా కారింది.

"గిదేంది? కుడితినా?" అన్నాడు చెన్నయ్య. మంచం మీద కూర్చునే ఉన్నాడు. గ్లాసు విసరడానికి లేవాల్సిన పని లేదు.

"తీపి గోళీలు ఏసిన. గ్లాసుకు రెండు ఏయమని మెడికల్ షాపాయన చెప్పిండు. నేను మూడు ఏసిన."

"తీపేది మరి?"

ఇందాక డబ్బా నొక్కితే టిక్కుమని ఒక్కొక్క తెల్లగోళీ రాలింది. మూడింటినీ లెక్కపెట్టే గిన్నెలో వేసింది. గిన్నెను తుడిచే బట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది.

అప్పుడు లేచాడు చెన్నయ్య. జుట్టు ముడిలో వేళ్ళు జొనిపి, చాయ్ కారుతున్న చోటికే ఆమె ముఖాన్ని తీసుకుపోయి గోడకు నొక్కాడు. "నాకు, సూడు. తీపుందా? నీ నాలికతోని సూసి చెప్పు." ఇంకో చేత్తో వీపు మీద రెండు గుద్దులు గుద్దాడు. సున్నం పొడి, చాయ్ ఆమె పెదాలకు అంటుకున్నాయి. చాయ్ నిజంగానే చప్పగా ఉంది.

"ఒరేయ్ చెన్నా, ఇడ్సిపెట్టురా," అంది అరుగు మీదనుంచి పోచమ్మ. చింతపండులో గింజలు తీస్తోంది. చేతులు ఆగలేదు.

బయట ట్యాంకర్ హారన్ మోగింది. చెన్నయ్య తువ్వాలుతో చేతులు తుడుచుకుని, అద్దంలో తల దువ్వుకుని వెళ్ళిపోయాడు. హోటళ్ళకు నీళ్ళు తోలే బండి అది. ఆలస్యమైతే ఓనరు ఊరుకోడు. ఓనరు మీద మాత్రం చెన్నయ్య ఎన్నడూ గొంతు పెంచింది లేదు.

ట్యాంకర్ పోయాక పోచమ్మ లోపలికి వచ్చి, కోడలి చేతిలోని బట్ట తీసుకుని గోడ తుడిచింది. "షుగర్ ఎక్కింది బిడ్డా. వాడు గాదు, వాని షుగర్ కొడ్తుంది. మనసుల పెట్టుకోకు."

అమృత సొట్టబడ్డ గ్లాసును ఎత్తి కడిగింది.

"బుచ్చయ్య నలుగురి ముంగట ఏమన్నడు? 'ముందుగాల వాని షుగర్ తగ్గించుండ్రి, చెయ్యి అదే తగ్గుతది. తగ్గినంక గూడ చెయ్యి లేస్తే నేనే పిల్లను ఠాణకు తోల్కపోత' అన్నడా లేదా? ఇంకో రెండు వారాలు. జర ఓపిక పట్టు."

బుచ్చయ్య ఆ ఇంటికి పెద్దమనిషి, చెన్నయ్యకు చిన్నాయిన వరస. షుగర్ ఆయనకూ ఉంది, రక్తం చూసే మిషనూ ఉంది. ప్రతి ఆదివారం పొద్దున పరగడుపున వచ్చి చెన్నయ్య వేలు పొడిచి అంకె చెబుతున్నాడు. పంచాయితీ నాటి అంకె రెండువందల తొంభై నాలుగు. వంటింటి క్యాలెండర్‌లో, 2011 ఫిబ్రవరి పేజీలో, ఆ ఆదివారం గడిలో అమృత దాన్ని రాసింది. చెయ్యి లేచిన రోజుల గడుల్లో చిన్న చుక్కలు పెట్టింది. ఈ రోజు గడిలోనూ పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టి, స్టవ్ వెలిగించింది.

రెండు గిన్నెల్లో నీళ్ళు పోసింది. ఒకదాంట్లో గోళీ వేసి పది నిమిషాలు మరిగించింది. రెండోదాన్ని మరిగించి, దించి, ఆ తర్వాత గోళీ వేసింది. చెంచాతో రెండూ రుచి చూసింది. మొదటిదాంట్లో తీపి ఉందా లేదా అన్నట్టుంది. రెండోదాంట్లో ఉంది.

తప్పు దొరికింది. మెడికల్ షాపాయన దించాక వేయమని చెప్పలేదు. ఆ ఇంట్లో చాయ్ అంటే పాలు, చాయ్‌పత్తి, చక్కెర అన్నీ ఒకేసారి పడి, మూడు పొంగులు వచ్చేదాకా మరగాలి. అట్లా మరగని చాయ్‌ని పోచమ్మ కూడా ముట్టదు.

మర్నాడు దించాకే వేసి ఇచ్చింది. చెన్నయ్య ఒక్క గుక్క తాగి, నాలుక బయటపెట్టి, "నోట్ల పైసా బిళ్ళ పెట్టుకున్నట్టుంది," అన్నాడు. ఈసారి గ్లాసు విసరలేదు. మిగిలిన చాయ్‌ని ఆమె పాదాల మీద పోశాడు.

*

నర్సరీలో పొద్దున పని నల్ల కవర్లలో మట్టి నింపడం. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు పెంట, ఒక పాలు ఇసుక. కవరు అడుగున బొటనవేలితో నొక్కి గట్టిపరిచి, అంచు కింద రెండు వేళ్ళ జాగా వదలాలి, నీళ్ళు నిలవడానికి. విమానాశ్రయం రోడ్డు మధ్యలో నాటే మొక్కలన్నీ ఇక్కడినుంచే పోతాయి. తల మీదుగా విమానం దిగుతున్నప్పుడు మాటలు ఆపి, పోయాక ఆపిన చోటునుంచే అందుకోవడం అక్కడి ఆడవాళ్ళకు అలవాటు.

రుక్కమ్మ అమృత పాదాలు చూసింది. తర్వాత చెంప చూసింది. "ఏమైంది?"

"తలుపు తాకింది."

"మీ ఇంటి తలుపుకు ఐదు వేళ్ళున్నయా పిల్లా?"

పక్క వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అమృతకూ నవ్వొచ్చింది గాని, చెంప లాగి నొప్పి పుట్టి ఆపుకుంది.

విమానం వెళ్ళిపోయాక ఆమె గోళీల సంగతి చెప్పింది. చాయ్ సంగతి చెప్పింది. చేతులు మట్టి నింపుతూనే ఉన్నాయి. రుక్కమ్మ అంతా విని, లేచి, ఆకుపచ్చ వలపందిరి కిందికి పోయి నాలుగు ఆకులు తెంపుకొచ్చింది. అంచులకు సన్నని పళ్ళున్న మామూలు ఆకులు. చూడటానికి తులసికి దూరపు చుట్టంలా ఉన్నాయి.

"నములు."

"ఏందిది?"

"విషమైతే నీకిస్తనా? ఇంటికి పంపుత, మీ ఆయనకు. నములు."

అమృత నమిలింది. ముందు పచ్చివాసన తగిలింది. తర్వాత నాలుక కొస మీద తీపి మొదలై లోపలిదాకా పాకింది. ఉమ్మేసినా పోలేదు. నీళ్ళు తాగితే నీళ్ళూ తియ్యగా ఉన్నాయి.

"స్టీవియా అంటడు సూపర్వైజరు. మేం తీపాకు అంటం. ఎవరో నూరు మొక్కలు చెప్పి తీస్కపోలే. ఎండుతున్నయని రెండు దినాల సంది ఊకెనే ఇస్తుండు. షుగరోళ్ళు తినొచ్చట. మా చెల్లె మామ చాయ్‌ల అదే ఏస్కుంటడు."

"మరిగిస్తే తీపి ఉంటదా?"

రుక్కమ్మకు అది తెలియదు. "మరిగించి సూస్కో. నీకు కొలతల పిచ్చి ఉండనే ఉండె."

సాయంత్రం అమృత రెండు మొక్కలు కవర్లతో సహా చంకనపెట్టుకుని, షేర్ ఆటోలో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. పాత పెయింట్ డబ్బాకు అడుగున చిల్లులు పొడిచి, రెంటినీ దాంట్లోకి మార్చి, పొద్దుటి ఎండ మాత్రమే పడే మూల చూసి గోడ పక్కన పెట్టింది. నర్సరీ నుంచి తెచ్చుకున్న ఇంకో గుప్పెడు ఆకుల్ని పాత పేపరు మీద పరిచి మంచం కింద నీడలో ఆరబెట్టింది. ఎండలో పెడితే నల్లబడుతుందని రుక్కమ్మ చెప్పింది. రెండు రోజులకు ఆకు గలగలమంది. కల్వంలో నూరి, చీర కొంగు పొరలోనుంచి జల్లించి, చిన్న సీసాలో పోసింది.

మూడో రోజు పొద్దున అందరికంటే ముందు లేచి చాయ్ పెట్టింది. పత్తితోపాటే ఆకుపొడి వేసి మూడు పొంగులూ రానిచ్చింది. రుచి చూసింది. ఇంకో నాలుగు నిమిషాలు మరిగించి మళ్ళీ చూసింది. తీపి ఎక్కడికీ పోలేదు, పొయ్యి మీదే నిలబడి ఉంది. అయితే కొలత ఒక్క రవ్వ దాటినా అడుగున చేదు వస్తోంది. రెండు వేళ్ళ కొసల మధ్య పట్టినంత, గ్లాసుకు ఒక్క చిటికెడు. అంతకు మించకూడదు.

చెన్నయ్య తాగాడు. గ్లాసు కింద పెట్టాడు, ఖాళీది.

అమృత గోడకు ఆనుకుని, ఊపిరి వదిలింది.

ఆ రోజు నుంచి ట్యాంకర్‌లోకి ఫ్లాస్కు కూడా ఇచ్చి పంపింది. హోటళ్ళ దగ్గర ఆగినప్పుడల్లా మూడు చెంచాల చక్కెర చాయ్ తాగే మనిషి. అక్కడ తోటి డ్రైవర్లు "ఏం చెన్నన్నా, పసిపిల్లగానికి ఇచ్చినట్టు పాలసీసా కట్టిచ్చిందా వదినె?" అని ఆటపట్టించారట. ఆ రాత్రి ఫ్లాస్కు మూతతో ఆమె మోచేతి మీద కొట్టాడు. కానీ ఫ్లాస్కు ఖాళీగానే తిరిగొచ్చింది. దవాఖానలో ఇచ్చిన మాత్రలు రెండుపూటలా ఆమే నీళ్ళిచ్చి మింగించింది.

గోళీల డబ్బాను పైఅరకు తోస్తుంటే పోచమ్మ చూసింది. "కొన్నదాన్ని పక్కకేస్తవా?"

"మరిగిస్తే పారిపోయే తీపి మన ఇంట్ల నిలువది అత్తమ్మా. ఇదైతే నా చేతుల పెరుగుతుంది. ఎంతేస్తే ఎట్లుంటదో నాకు ఎరుక."

ఆదివారం బుచ్చయ్య వచ్చి పొడిచి చూశాడు. నూటా తొంభై ఒకటి. "శభాష్ కోడలా!" అన్నాడు గట్టిగా. "ఇగ చూడు, వాడు గొర్రెపిల్ల అయితడు." చెన్నయ్య నవ్వాడు. పోచమ్మ నవ్వింది. అమృత క్యాలెండర్‌లో అంకె రాసింది. ఆ వారం చుక్కలు నాలుగు ఉన్నాయి, అంతకుముందు వారం మూడే. దానికి కారణాలు వెతుక్కుంది. ఫ్లాస్కు, డ్రైవర్ల ఎగతాళి. కొత్త రుచికి ఒళ్ళు అలవాటు పడొద్దా?

*

బుధవారం నర్సరీలో లారీ లోడింగు ఆలస్యమైంది. అమృత ఇల్లు చేరేసరికి చెన్నయ్య అప్పటికే వచ్చి ఉన్నాడు. గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, చేతిలో ట్యాంకర్ పైపు ముక్క. మొదటి దెబ్బ భుజం మీద పడింది. చెప్పులు విడవడానికి వంగిన మనిషి వంగినట్టే కూలబడింది. రెండోది నడుం మీద, మూడోది అడ్డం పెట్టిన చేతి మీద.

"విషం పెడ్తవా? నాకు విషం పెడ్తవా?"

"ఏం విషం? నేను ఇంట్లనే లేను గద..."

"ఏప చెక్క మింగినట్టుంది. నరకంల గూడ పెట్టరు గసొంటి చాయ్!"

పైపు రబ్బరుది. గాలిలో ఈలలా మోగి, తగిలినప్పుడు చప్పుడు లేకుండా ఆగుతోంది. అమృత తలను మోకాళ్ళ మధ్య దాచుకుంది. దెబ్బల మధ్యలోంచి ఆమెకు వంటింటి గట్టు కనిపించింది. దాని మీద మూత తీసిన ఆకుపొడి సీసా ఉంది, సగానికి పైగా ఖాళీ. పక్కన చక్కెర వేసే పెద్ద చెంచా, కొసన ఆకుపచ్చ పొడి అంటుకుని.

మూడు చెంచాలు. చక్కెర మూడు చెంచాలు వేసే చోట ఆకుపొడీ మూడు చెంచాలే వేసింది పోచమ్మ.

అమృత అత్త వైపు చూసింది. పోచమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో చేట ఉంది, చేటలో ఏమీ లేదు. ఆమె కోడలిని చూసి, కొడుకును చూసి, చేటను తట్టింది, ఖాళీ చేటనే.

అలసిపోయాక చెన్నయ్య పైపు పారేసి బయటికి నడిచాడు. పోతూపోతూ పెయింట్ డబ్బాను కాలితో తన్నాడు. డబ్బా దొర్లి, మట్టి చిమ్మి, ఒక మొక్క కాండం మధ్యకు విరిగింది.

చీకటి పడకముందే అమృత లేచింది. ఒక చెయ్యి పైకి లేవడం లేదు. రెండో చేత్తోనే మట్టి ఎత్తి డబ్బాలో పోసింది. విరిగిన మొక్కను విరిగిన చోట గోటితో నున్నగా గిల్లి, వేరు కదలకుండా మళ్ళీ నిలబెట్టి, చుట్టూ బొటనవేలితో నొక్కింది. రెండు వేళ్ళ జాగా వదిలి నీళ్ళు పోసింది. విరిగిన కొమ్మ ఆకుల్ని ఒక్కొక్కటే తెంపి పేపరు మీద పరిచింది.

పోచమ్మ పసుపు, వేడినూనె తెచ్చి వెనక కూర్చుంది. జాకెట్టు పైకి తీసి వీపు చూసింది. చాలాసేపు రాసింది.

"నేను..." అంది ఒకసారి. తర్వాత, "షుగర్ బిడ్డా, ఇంకా పూరా దిగలే," అంది.

*

ఆదివారం పొద్దున అమృత చాయ్ పెట్టి, ఒక గ్లాసులో పోసి, దాని మీద మూత పెట్టి పిట్టగోడ మీద ఉంచింది. చెన్నయ్య స్నానం చేసి, తెల్ల బనీను వేసుకుని వచ్చాడు. రాత్రి కల్లు తాగలేదు, బాగా నిద్రపోయాడు. రేడియోలో పాటకు వేళ్ళతో మంచం పట్టె మీద తాళం వేస్తున్నాడు.

"చాయ్ తే."

"చిన్నమామ వస్తుండు. పరగడుపున సూడాలె గద. సూసినంక తాగు. జర ఆగు."

చెన్నయ్య తాళం ఆపాడు. లేచి, మెల్లగా నాలుగడుగులు వేసి, ఆమె ఎదుటికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా లేవు. చేతులు వణకడం లేదు. "నన్ను ఆగమంటున్నవా?" అన్నాడు మామూలు గొంతుతో. పిడికిలి బిగించి మూతి మీద గుద్దాడు. ఆమె తల వెనక్కి పోయి గుమ్మానికి తగిలింది. పెదవి చిట్లి రక్తం గడ్డం మీదికి కారింది. ఆయన ఇంకోసారి చెయ్యి ఎత్తలేదు. వెనక్కి వచ్చి మంచం మీద కూర్చుని, రేడియో గొంతు కొంచెం పెంచాడు.

అప్పుడే బుచ్చయ్య లోపలికి వచ్చాడు, చంకలో మిషన్ సంచి. అమృతను చూసి గుమ్మంలోనే ఆగాడు.

"షుగర్ ఎక్కినట్టుంది బుచ్చయ్యా," అంది పోచమ్మ గబగబా. "పొద్దుగాల నుంచి పరేషాన్‌లున్నడు."

అమృత చెయ్యి చాచింది. బుచ్చయ్య ఏమనుకున్నాడో, సంచి ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె చెన్నయ్య ముందు కింద కూర్చుంది. మిషన్‌లో పట్టీ దూర్చింది. వేలు పొడిచే పెన్నులో కొత్త సూది మార్చింది. ఆయన కుడిచెయ్యి తీసుకుంది. పిడికిలి కణుపుల మీద ఆమె రక్తం ఉంది. దూది తడిపి దాన్ని శుభ్రంగా తుడిచింది, కణుపుల సందుల్లో కూడా. తన రక్తం కలిస్తే అంకె తప్పుతుంది. వేలు తడి ఆరేదాకా ఆగింది. నడిమివేలు పక్కకు తిప్పి పొడిచింది. చెన్నయ్య "స్స్" అన్నాడు. చుక్క ఊరింది. పట్టీ దాన్ని పీల్చుకుంది.

ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి.

నూట పదహారు.

ఆమె మిషన్‌ను బుచ్చయ్య వైపు తిప్పి పట్టుకుంది. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశాడు. కళ్ళజోడు తీసి, కండువాతో తుడిచి, మళ్ళీ చూశాడు.

"మిషన్ ఖరాబైనట్టుంది," అన్నాడు.

"నీది సూస్కో మామా."

బుచ్చయ్య అరుగు మీద కూర్చున్నాడు. ఆమె సూది, పట్టీ మార్చి ఇచ్చింది. తన వేలు తనే పొడుచుకున్నాడు. తెరమీద అంకె వచ్చింది. అమృత వంగి చదివింది. రెండువందల అరవై ఎనిమిది.

"పొద్దుగాల ఎవరినన్న కొట్టినవా మామా?"

ఎత్తిపొడుపు లేదు ఆమె గొంతులో. నిజంగానే అడుగుతోంది. బుచ్చయ్య తల అడ్డంగా ఊపాడు.

"ఏంది చిన్నాయినా," అన్నాడు చెన్నయ్య నవ్వుతూ, వేలు నోట్లో పెట్టుకుని. "మొగుడు పెండ్లాలన్నంక ఓ దెబ్బ... దీనికి లెక్కలా?"

అమృత వంటింట్లోకి పోయి, మేకు నుంచి క్యాలెండర్ తీసుకొచ్చి బుచ్చయ్య ఒళ్ళో పెట్టింది. దిగుతూ వచ్చిన అంకెలు. వాటి మధ్య దిగని చుక్కలు. ఆయన వేలితో ఒక్కొక్క వరుసే చూసుకుంటూ పోయాడు.

"ఇంకొక్క వారం సూద్దామా బిడ్డా," అన్నాడు, ఆమె ముఖం వైపు చూడకుండా. "మల్లొక్కసారి..."

"మొన్నటి చేదు చాయ్ నేను పెట్టిన," అంది పోచమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె ఎవరినీ చూడటం లేదు. గోడ మీద, కడిగినా పోని చాయ్ మరకను చూస్తోంది.

"నేనే పెట్టిన. దెబ్బలు దీనికి పడ్డయ్. నేను నోరు మూస్కున్న." బుచ్చయ్య వైపు తిరిగి, "మీ అన్నకు షుగర్ లేకుండె బుచ్చయ్యా," అంది. "నా ఎడమచెవ్వు ఇనరాకుంట జేసిననాడు, ఆయనకు ఏ బీమారి లేకుండె."

రేడియో ఇంకా పాడుతూనే ఉంది. "అమ్మా, లోపలికి పో," అన్నాడు చెన్నయ్య. మంచం మీదనుంచి లేచాడు కూడా. పోచమ్మ లోపలికి పోలేదు. గోడవార ఉన్న చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని, వాకిట్లోకి దిగి, కోడలి పక్కన నిలబడింది.

బుచ్చయ్య క్యాలెండర్‌ను చుట్టగా చుట్టాడు. మిషన్ సంచిలో పెట్టి, మళ్ళీ బయటికి తీసి, దాన్ని కూడా క్యాలెండర్‌తో కలిపి పట్టుకున్నాడు. మోకాళ్ళ మీద చేతులాన్చి లేవడానికి ఆయనకు కొంచెం సేపు పట్టింది.

"నలుగురి ముంగటన్న మాట," అన్నాడు. "పా బిడ్డా. ఠాణల సి.ఐ. ఉంటడు ఈ యాళ్ళకు."

"ఒక్క నిమిషం మామా."

అమృత పిట్టగోడ మీది గ్లాసు మూత తీసింది. చాయ్ ఇంకా వేడిగానే ఉంది. ఇన్నాళ్ళూ ప్రతి గ్లాసునూ చెంచాతో ముందు తనే రుచి చూసి, చెన్నయ్య చేతికి ఇచ్చింది. ఇప్పుడు గ్లాసే ఎత్తింది. చిట్లిన పెదవికి అంచు తగిలి భగ్గున మండింది. అయినా దించలేదు. నిలబడి, నిదానంగా, అడుగుదాకా తాగింది. గ్లాసు బోర్లించి పెట్టి, పెదవి తుడుచుకుని, అత్త చెయ్యి పట్టుకుంది.

తీపి సరిగ్గా కుదిరింది.